ఖాళీ చేసి వెళ్లిపోయిన పొరుగువాళ్ల నుంచి నష్టం రాబట్టేదెలా?

ప్రశ్న: పై ఫ్లాట్‌లో పైపు లీకై మా సీలింగ్, బీరువా పాడయ్యాయి. డబ్బులిస్తామన్నవాళ్లు చెప్పకుండా ఖాళీ చేసేశారు, ఫోన్ ఎత్తరు. ఎలా పట్టుకోవాలి?

జవాబు: వాళ్లు అద్దెకున్నవాళ్లా, సొంతదారులా? అద్దెవాళ్లైతే, పైపు పాతబడి పగిలినప్పుడు బాధ్యత చాలాసార్లు ఇంటి యజమానిదే అవుతుంది కాబట్టి, అసలు వీళ్ల కోసం వెతకాల్సిన పనే ఉండకపోవచ్చు. కొత్త అడ్రస్ కోసం కూడా ముందు ఆయన్నే అడగండి. దొరక్కపోతే పాత అడ్రస్‌కే నోటీసు పంపండి, పోస్టాఫీసులో అడ్రస్ మార్పించుకుని ఉంటే అది కొత్తింటికి చేరొచ్చు. ఫొటోలు, రిపేరు బిల్లులు, ముఖ్యంగా ‘ఇస్తాం’ అన్న మెసేజ్‌లు జాగ్రత్త, అవి లేకపోతే మనిషి దొరికినా నష్టం నిరూపించడం కష్టం. కోపమొచ్చి వాళ్ల ఫొటో ఆన్‌లైన్‌లో పెట్టారో, కేసు మీ మెడకే చుట్టుకోవచ్చు! దావాకు గడువుంటుంది, లాయర్‌ని త్వరగా కలవండి.