ఇంజెక్షన్ వేయించుకునే ముందు

చిరంజీవి తమ్ముడిని ఆశీర్వదించి రాయునది.

నువ్వు పంపిన రిపోర్టు రెండుసార్లు చదివాను. మగ హార్మోను టెస్టోస్టిరాన్ 262 అని ఉన్నచోట ఎర్ర గీత గీసి, పక్కన "అందుకేనేమో అన్నయ్యా ఈ నీరసం" అని రాశావు. యాభై ఆరేళ్ల వయసులో ఆ మాట రాయడానికి ఎంత మొహమాటపడి ఉంటావో నాకు తెలుసు. ఒకప్పుడు నా రిపోర్టును బీరువాలో బట్టల కింద దాచుకున్నవాడినే నేనూ.

అంకె కంటే ముందు నేను చూసింది రక్తం తీసిన వేళ. మధ్యాహ్నం మూడున్నర అని ఉంది. ఈ హార్మోను రోజంతా ఒకే తీరుగా ఉండదు; పొద్దున ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గుతుంది, భోజనం చేశాక తగ్గుతుంది, జబ్బు చేసినప్పుడు మరింత పడిపోతుంది. వయసు మీరినకొద్దీ పొద్దుటికీ సాయంత్రానికీ తేడా కొంత తగ్గినా, పూర్తిగా పోదు. అందుచేత ఉదయం పది లోపు, పరగడుపున, వేర్వేరు రోజుల్లో రెండుసార్లు పరీక్షించి, రెండింటిలోనూ తక్కువ వచ్చి, లక్షణాలు కూడా తోడైతేనే లోపమని నిర్ధారించాలి. డెసిలీటరుకు 300 నానోగ్రాములను అమెరికా యూరాలజీ వైద్యుల సంఘం హద్దుగా పెట్టుకుంది కానీ, ఒక్క మధ్యాహ్నపు పరీక్షతో ఆ గీతకు ఇటా అటా అని తేల్చకూడదు.

నాకు జరిగింది అదే. జ్వరం తగ్గిన నాలుగో రోజు మధ్యాహ్నం పరీక్ష చేసి, ఆ సాయంత్రమే ఈ హార్మోను ఇంజెక్షన్లు రాసిచ్చారు. మనసొప్పక మరో వైద్యుడి దగ్గరికి వెళితే, ఆయన ఆ చీటీని పక్కన పెట్టి, నన్ను వదిలేసి మీ వదినను అడిగారు: "ఈయన గురక పెడతారా?" ఆవిడ ఇన్నేళ్లుగా ఎదురుచూస్తున్న ప్రశ్న అది కాబోలు. "గురకైతే సర్దుకుపోదును డాక్టరుగారూ. మధ్యలో ఊపిరి ఆగిపోయి, ఉన్నట్టుండి ఎగపోస్తారు. మళ్లీ ఊపిరి తీసేదాకా నేను లేచి కూర్చుని లెక్కపెడుతుంటాను" అంది. నిద్రలో శ్వాస ఆగే జబ్బని తేలింది. రాత్రి గాలిని లోపలికి పంపే మాస్కు పెట్టుకోవడంతో పగటి మగత పోయింది. పదకొండు కిలోలు తగ్గాక ఉదయం పరీక్షలో అంకె 400 దాటింది. అంకెను పెంచింది ముఖ్యంగా బరువు తగ్గడమేనని ఆయన చెప్పారు. ఇంజెక్షన్ అవసరమే రాలేదు.

ఆడవాళ్లకు ముట్లు ఆగినప్పుడు ఆడ హార్మోను తక్కువ కాలంలోనే బాగా పడిపోతుంది. మనకు అలా కాదు. ముప్పై నలభై ఏళ్ల నుంచి ఏడాదికి సుమారు ఒక శాతం చొప్పున తగ్గుతూ వస్తుంది. అంతకు మించి తగ్గితే దాని వెనక పొట్ట, మధుమేహం, ఎక్కువకాలం వాడిన స్టిరాయిడ్లు, నల్లమందు జాతి నొప్పి మందులు వంటివి ఉంటాయి. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి విడుదల చేసే ఎల్‌హెచ్, ప్రొలాక్టిన్ అనే హార్మోన్లు కూడా చూడమని అడుగు. నా స్నేహితుడొకరికి ప్రొలాక్టిన్ విపరీతంగా ఉండటంతో తలకు స్కాను తీస్తే ఆ గ్రంథిలో చిన్న గడ్డ కనిపించింది. కారణం వెతక్కుండా ఇంజెక్షన్ పొడిచి ఉంటే అది ఇంకెన్నేళ్లు దాగి ఉండేదో!

నిజమైన లోపం ఉన్నవాడికి ఇది మంచి వైద్యమే, కాదనను. అయితే ఏ మేరకు ఆశించాలో తెలుసుకో. 65 దాటిన 790 మంది మగవాళ్లకు ఈ హార్మోనో ఉత్తుత్తి మందో ఇచ్చి చూసి 2016లో ప్రచురించిన పరీక్షలో లైంగిక కోరిక కొంత మెరుగుపడింది కానీ, నువ్వు ఫిర్యాదు చేస్తున్న నీరసంలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. గుండె జబ్బు, లేదా దాని ముప్పు ఉన్న ఐదువేల పైచిలుకు మందిపై చేసి 2023లో వెలువరించిన మరో పరీక్షలో గుండెపోటు, పక్షవాతం ఉత్తుత్తి మందు వాడినవారి కంటే పెరగలేదు. గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం మాత్రం ఎక్కువగా కనిపించాయి. 1889లో బ్రౌన్ సెకార్ అనే పేరుమోసిన వైద్యుడు డెబ్బై రెండేళ్ల వయసులో జంతువుల వృషణాల రసాన్ని ఎక్కించుకుని, యవ్వనం తిరిగొచ్చిందని ప్రకటించాడు. ఆ రసంలో హార్మోను దాదాపు లేదని తర్వాత తేలింది. నమ్మకానికి అంత బలం ఉంటుంది, కాబట్టి మొదటి వారం హుషారును లెక్కలోకి తీసుకోకు.

మొదలుపెట్టాల్సే వస్తే, ముందుగా పీఎస్ఏ (ప్రొస్టేట్ గ్రంథి కోసం చేసే రక్తపరీక్ష), హిమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) చూపించుకుని, మూడు నుంచి ఆరు నెలల్లో మళ్లీ చూపించు. రక్తం చిక్కబడి హిమటోక్రిట్ 54 శాతం దాటితే మందు ఆపాలి. ప్రొస్టేట్ క్యాన్సర్ ఉన్నవారికి సాధారణంగా ఇవ్వరు. ఇంజెక్షన్ బదులు ఒంటికి రాసే జెల్ అయితే చేతులు సబ్బుతో కడుక్కుని, రాసినచోటు బట్టతో కప్పుకో. మనవరాలు భుజమెక్కితే ఆ పసిదాని ఒంటికీ అంటుకుంటుంది. జిమ్ములో ఎవరో ఈ హార్మోను ఇస్తున్నారని మీవాడు అన్నాడట. బయటి నుంచి హార్మోను అందితే వృషణాలు పని తగ్గించుకుంటాయనీ, వీర్యకణాలు పూర్తిగా పోవచ్చనీ, పిల్లలు కావాలనుకునేవాడు దాని జోలికి పోకూడదనీ వాడికి గట్టిగా చెప్పు.

సోమవారం పొద్దున ఏమీ తినకుండా వెళ్లి రక్తమివ్వు, వారం ఆగి మరోసారి. డాక్టరు దగ్గరికి మా మరదలిని వెంటబెట్టుకుని వెళ్లు. నీ గురక సంగతి నీకు తెలియదు.

మీ అన్నయ్య