పాత కారు ముందు అద్దం రబ్బరు దగ్గర నీళ్లు కారుతుంటే సిలికాన్ పూయించాలా, రబ్బరు మార్పించాలా?

ఒంగోలు నుంచి మీరు అడిగింది ఇదీ: మీ నాన్నగారి ప్రీమియర్ పద్మినిలో వాన పడ్డప్పుడల్లా డ్రైవరు కాళ్ల దగ్గర నీళ్లు చేరుతున్నాయి, అద్దం చుట్టూ సిలికాన్ పూస్తే సరిపోతుందని మెకానిక్ అంటున్నాడు, పూయించాలా, రబ్బరే మార్పించాలా అని.

సిలికాన్ మాత్రం వద్దండీ. ఆ పని నేను చేయించి చూశాను.

మాది కావలి. మా నాయన కొన్న 1984 అంబాసిడర్ మార్క్ 4 ఇప్పటికీ ఇంట్లో ఉంది. కొన్నేళ్ల కిందట కుడి మూల నుంచి చుక్క చుక్క కారుతుంటే ఒక షాపులో అద్దం చుట్టూ సిలికాన్ పట్టించాను. ఒక వానాకాలం బాగానే గడిచింది. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేలోపు మా దగ్గర వాన వదల్లేదు. తెరిపిచ్చాక డోర్ తీసి మ్యాట్ మీద కాలు పెడితే చెప్పు మునిగింది. మ్యాట్ కింద గోనెపట్టలాంటి పొర ఉంటుంది కదా, దాన్ని పిండితే అర బకెట్ నీళ్లు వచ్చాయి.

నెల్లూరులో పాత బండ్లకు అద్దాలు బిగించే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన రబ్బరు అంచు వేలితో ఎత్తి చూసి, "ఇంకెప్పుడూ దీనికి సిలికాన్ పెట్టబాకండి సార్. నీళ్లు బయటికి పొయ్యే దారి మూసేశారు, లోపలికి వచ్చే దారి అట్నే ఉండాది" అన్నారు. పైన ఎక్కడో రబ్బరు గాడిలోకి దిగిన నీళ్లు కింద సిలికాన్ అడ్డం ఉండడంతో ఆరే వీల్లేక రేకు అంచున నిలిచిపోయాయి. వెనిగర్ వాసన కొట్టే సిలికాన్ ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. పెయింట్ లేచిన ఇనుముకు అది తగిలితే తుప్పు తొందరగా పడుతుంది. మనకు సముద్రపు ఉప్పుగాలి ఎలాగూ ఉంది. పైగా సిలికాన్ అంటుకున్న చోట తర్వాత పెయింట్ పట్టదు, ఇంకో సీలెంట్ కూడా పట్టదు. దాన్ని గీకి వదిలించడానికే మాకు ఒక పూట పట్టింది.

ఇప్పటి కార్లకు అద్దాన్ని జిగురుతో అతికిస్తారు. మీ పద్మినికీ మా అంబాసిడర్‌కీ అలా కాదు, అద్దాన్ని పట్టి ఉంచేదే రబ్బరు. రబ్బరుకు రెండు గాడులు ఉంటాయి, ఒకదానిలో అద్దం, రెండోదానిలో బాడీ రేకు అంచు కూర్చుంటాయి. అందుకని కొత్త కార్లు మాత్రమే చూసినవాళ్లకు కాకుండా, రబ్బరు పని తెలిసినవాళ్లకే బండి అప్పజెప్పండి.

అన్నిటికంటే ముందు నీళ్లు ఎక్కడ దిగుతున్నాయో పట్టుకోవాలి. తడి కనిపించిన చోటే కన్నం ఉందనుకోవద్దు. మా బండిలో నీళ్లు పై ఎడమ మూలలో దూరి, గాడి వెంబడి చుట్టూ తిరిగి, కుడి కింది మూలలో బయటపడి, స్పీడోమీటర్ కేబుల్ మీదుగా జారి నా కాళ్ల దగ్గర పడుతున్నాయి. లోపల అంతా తుడిచి ఆరబెట్టండి. డాష్‌బోర్డ్ మీద, అద్దం కింద పేపర్ ముక్కలు పరవండి. ఒకరు టార్చ్ పట్టుకుని లోపల కూర్చోవాలి. బయట ఉన్నవాళ్లు పైపుతో మెల్లగా నీళ్లు వదలాలి, ప్రెజర్‌తో కొట్టకూడదు. కింది అంచుతో మొదలుపెట్టి ఒక్కో చోట ఐదు నిమిషాలు ఆగి పైకి రావాలి. పై నుంచి మొదలుపెడితే అద్దమంతా తడిసిపోతుంది, ఏమీ తేలదు. వైపర్ కాడలు బయటికి వచ్చే చోట చిన్న రబ్బర్లు ఉంటాయి, వాటి మీద విడిగా పోసి చూడండి. తప్పు అక్కడ ఉంటే అద్దం ముట్టుకోనక్కర్లేదు, పని గంటలో అయిపోతుంది.

లీకు అద్దం రబ్బరు దగ్గరే అని తేలితే గోరుతో నొక్కి చూడండి. మెత్తగా లోపలికి పోయి మళ్లీ పైకి వస్తే రబ్బరు బాగున్నట్టే. వెదురు పుల్లతో అంచు ఎత్తి, అద్దం వైపూ రేకు వైపూ మాస్టిక్ (సందులు పూడ్చే, గట్టిపడని ముద్ద) ఎక్కిస్తే చాలు. గట్టిగా ఉండి, మూలల్లో పగుళ్లిచ్చి, కుంచించుకుపోయి సందు కనిపిస్తుంటే మార్చాల్సిందే.

మాది మార్చాల్సి వచ్చింది. నెల్లూరులో ఆ రబ్బరు దొరక్క పాత బండ్ల విడిభాగాలు అమ్మే చెన్నై పుదుపేట వెళ్లాను. వెళ్లేటప్పుడు పాత రబ్బరు ముక్క తప్పకుండా పట్టుకెళ్లండి. పేరు చెబితే ఇచ్చేది ఒకటి, మనకు సరిపోయేది ఇంకొకటి.

అద్దం తీసేటప్పుడు స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తనివ్వద్దు. పాత అద్దం టఫెండ్ రకమైతే అంచున చిన్న దెబ్బ తగిలినా మొత్తం చిన్న చిన్న ముక్కలై రాలిపోతుంది. పాత రబ్బరు ఎలాగూ పారేసేదే కాబట్టి బయటి అంచును బ్లేడుతో కోసేసి, లోపలి నుంచి అరచేతులతో నెడితే అద్దం దానంతట అదే వస్తుంది.

అద్దం బయటికొచ్చాక రేకు అంచు చూసుకోండి. అసలు పని అక్కడే ఉంటుంది. మాకు కింది అంచున నాలుగు వేళ్ల మేర రేకు జల్లెడైపోయింది. టింకరింగ్ చేయించి, మిగతా అంచంతా వైర్ బ్రష్, ఎమెరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది, తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, ఆ పైన పెయింట్ వేసి రెండు రోజులు ఆరనిచ్చాం. మేస్త్రీ తొందరపెట్టినా ఈ రెండు రోజులు వదులుకోకండి. తుప్పు మీద కొత్త రబ్బరు ఎక్కిస్తే మళ్లీ కారుతుంది.

బిగించే రోజు రబ్బరును ఓ గంట ఎండలో ఉంచి మెత్తబడ్డాక అద్దానికి తొడగాలి. రేకు కూర్చునే గాడిలో సన్నటి నైలాన్ తాడు చుట్టూ పెట్టి, రెండు కొసలూ కింద మధ్యలో ఒకదాన్నొకటి దాటేలా లోపలికి వదలాలి. గాడికి సబ్బునీళ్లు పూయాలి. నూనె, గ్రీజు వద్దు, రబ్బరు చెడిపోతుంది. అద్దాన్ని చోటులో ఆనించి బయట ఒకరు అరచేత్తో తడుతుంటే, లోపల కూర్చున్నవాళ్లు తాడు కొసను అద్దం మధ్యకు లాగుతూ రావాలి. తాడు వచ్చిన చోటల్లా రబ్బరు పెదవి రేకు దాటి లోపలికి పడుతుంది. లోపల కూర్చుని తాడు లాగింది నేనే. మూల దగ్గర తాడు బిగుసుకుంటే బలంగా లాగొద్దు, రబ్బరు చీలుతుంది. బయటివాళ్లను ఆ మూల మీద ఇంకో రెండు సార్లు తట్టమనండి. చివర్లో రెండు వైపులా మాస్టిక్ ఎక్కించి, రబ్బరు మీద ఉండే పట్టీ (బీడింగ్) తొడగాలి.

మనకు వానలన్నీ ఎక్కువగా అక్టోబరు, డిసెంబరు మధ్యే కదా, ఆలోపు పైపు టెస్టయినా చేసేయండి. రబ్బరు దొరకడం ఆలస్యమైతే బండిని షెడ్డులోనే ఉంచండి. మ్యాట్లూ కింది గోనె పొరా మాత్రం ఈరోజే తీసి ఎండలో వేయండి. డ్రైవరు వైపు అడుగు రేకును వేలితో గట్టిగా నొక్కి చూడండి. అది మెత్తగా తగిలితే, అద్దం కంటే ముందు టింకరింగ్ మేస్త్రీకి చూపించండి.