ఆ పద్దు పుస్తకం దాచకండమ్మా

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నాకు 36 ఏళ్ళు. ఇంట్లో మేమిద్దరం, అత్తగారు, ఎనిమిది చదివే పాప, నాలుగు చదివే బాబు. మా వారు లీజు చెరువులో రొయ్యలు వేస్తే వరుసగా రెండు పంటలు వైట్‌స్పాట్ తెగులు తగిలి పోయాయి. ఇప్పుడు వేరేవాళ్ళ చెరువు మీద జీతానికి వెళ్తున్నారు, నెలకి 24 వేలు. అందులో 6 వేలు అప్పు వాయిదా. తిండికే 15,900 అవుతోందని మూడు నెలలు పుస్తకంలో రాసి చూసుకున్నాను. అది ఆయన కంటపడింది. "నా ఇంట్లో అన్నానికి లెక్కలు రాసే రోజొచ్చిందా" అని మూడు రోజులు మాట్లాడలేదు. అత్తగారికేమో చుట్టాలొస్తే మర్యాద తగ్గకూడదు. మొన్న వరదల్లో ఆడపడుచు వాళ్ళొస్తే అప్పు చేసి పులస తెప్పించారు. ఖర్చు తగ్గిద్దామంటే పిసినారినంటున్నారు. చేసేది లేక నేను పొద్దున్న టిఫిన్ మానేశాను, నా పాలు, గుడ్డు పిల్లలకి ఇచ్చేస్తున్నాను. ఈ మధ్య మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. ఏం చెయ్యాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చివర్లో ఒక్క ముక్కలో రాసి వదిలేసిన సంగతి దగ్గరే నేను ఆగిపోయాను. పొద్దున్న టిఫిన్ మానేశానన్నారు. ముందు అది రేపటినుంచే మళ్ళీ మొదలుపెట్టండి. మిగతా విషయాలన్నీ దాని తర్వాతే.

మా అమ్మ కోనసీమలో పెద్ద సంసారం ఈదింది. అందరి భోజనాలూ అయ్యాక వంటింట్లో గోడకి ఆనుకుని కూర్చునేది. కూర గిన్నెలో ఏముందో మేం ఎప్పుడూ చూడలేదు. ఆవకాయ, మజ్జిగతో ఎన్ని రాత్రులు గడిపిందో నాకు పెళ్ళై, నేనూ అదే చేస్తూ పట్టుబడ్డాక గానీ అర్థం కాలేదు. అందుకే మీకు ఇంత గట్టిగా చెప్తున్నాను. మీరు మానేసిన టిఫిన్, గ్లాసు పాలు, గుడ్డు కలిపి రోజుకి పాతిక రూపాయలనుకుందాం. నెలకి ఏడెనిమిది వందలు. మీ పుస్తకంలో బయట తిండి కింద మీరే రాసింది 2,900. ఏది ముందు తగ్గాలో చూడండి.

ఇక ఆయన కోపం సంగతి. వైట్‌స్పాట్‌కి మందు లేదు. వారం పది రోజుల్లో చెరువు మొత్తం తేలిపోతుంది. అది రెండుసార్లు చూసిన మనిషి, నిన్నటిదాకా తన కింద కూలీలని పెట్టుకున్న మనిషి, ఇప్పుడు ఇంకొకరి గట్టు మీద జీతానికి నిలబడుతున్నారు. ఆ పుస్తకంలో ఆయనకి ఉప్పూ పప్పూ కనపడలేదు, తాను ఓడిపోయానన్న మాటే కనపడింది. కాబట్టి దాన్ని ఇంకెక్కడో దాచి రాయకండి. రాత్రి పిల్లలు పడుకున్నాక మీరే తీసుకెళ్ళి ముందు పెట్టండి. "ఏమండీ, ఇది మీ సంపాదన కొలవడానికి రాయలేదు. వాయిదా ఒక్క నెల కూడా తప్పకూడదని రాశాను. ఎక్కడ తగ్గుతుందో మీరే చూసి చెప్పండి" అనండి. రొయ్యల రైతుకి లెక్క కొత్త కాదు కదా. రొయ్యలు మేత తిన్నాయో లేదో చూడ్డానికి చెరువులో దింపే చెక్‌ట్రేలో మేత మిగిలితే తర్వాత పూట తగ్గించి వేయిస్తారు, ఎన్ని కిలోల మేతకి ఎన్ని కిలోల రొయ్య వచ్చిందో వేళ్ళ మీద చెప్తారు. చెరువుకి చేసిన లెక్కే ఇంటికీ చెయ్యమని అడుగుతున్నాం, అంతే. ఆరోజు ఆయన పుస్తకం తెరవకపోతే అక్కడే వదిలెయ్యండి, వాదించకండి. రెండో రోజో మూడో రోజో తెరుస్తారు.

మీ పద్దు నేనూ చూశాను. కిరాణా 5,800, పాలు 2,700, కూరగాయలు పళ్ళు 2,200, చేపలు కోడి గుడ్లు 2,300, బయట తిండి 2,900. పాలు, పప్పు, గుడ్లు ముట్టుకోకండి. ఎదిగే పిల్లలున్నారు.

బయట తిండిలో ఆదివారం బిర్యానీ ప్యాకెట్లకే 1,600 పోతోంది. పూర్తిగా మాన్పిస్తే పిల్లలు మొహాలు ముడుచుకుంటారు, ఆ నింద కూడా మీ మీదే పడుతుంది. నెలకి ఒక్క ఆదివారం ఉంచండి. మిగతా మూడు వారాలు కోడి తెచ్చి ఇంట్లోనే వండండి. సాయంత్రం బజ్జీలు, పునుగుల బదులు ఉడకబెట్టిన పల్లీలు, మరమరాలు, వారానికి రెండుసార్లు దిబ్బరొట్టె. ఒక వంతు మినప్పప్పుకి రెండు వంతులు బియ్యపు రవ్వ, దళసరి గిన్నె, సన్నటి మంట. చెరకు పానకంతో పెట్టి చూడండి, చిప్స్ ప్యాకెట్ అడగరు. ఇంకో మాట. ఖాతా కొట్లో పిల్లలు వెళ్ళి "మా అమ్మ పేరు మీద రాయండి" అనే అలవాటు ఉందన్నారు. అది ఇవాళే ఆపించండి. కొట్టాయనతో తగవేమీ అక్కర్లేదు, కష్టకాలంలో అరువిచ్చినవాడు. నెల మొదట్లో చీటీ రాసి ఒక్కసారే వెచ్చాలు తెచ్చుకుంటాం, మధ్యలో మేమిద్దరం వస్తే తప్ప రాయొద్దని చెప్తే చాలు.

కిరాణాలో రెండు చోట్ల డబ్బు కారిపోతోంది. మొదటిది బియ్యం. కౌలు కింద వచ్చే స్వర్ణ ధాన్యం కళ్ళంలోనే అమ్మేసి, 1,500 పెట్టి సన్నబియ్యం బస్తా కొంటున్నారు. స్వర్ణ మన మారుటేరు పరిశోధన కేంద్రంలో పుట్టిన వంగడమే, 1982లో వచ్చింది. దేశమంతా తింటోంది, మనకే చిన్నచూపు. కొత్తది వండితే ముద్దవుతుంది, నిజమే. ఆరు నెలలు దాటిన ధాన్యం ఆడిస్తే అన్నం పొడిగా వస్తుంది, ఒదుగూ ఉంటుంది. ఈసారి సార్వా (వానాకాలం పంట) గింజల్లో ఇంటికి సరిపడా బస్తాలు నిలవ పెట్టండి. అమ్మితే వచ్చే డబ్బు రాదు కదా అనొచ్చు. కానీ మీరు అమ్మే ధరకీ కొనే ధరకీ మధ్య ఉన్న తేడా అంతా మీకే మిగులుతుంది.

రెండోది నూనె. ఐదుగురికి నెలకి ఏడు ప్యాకెట్లు చాలా ఎక్కువ. మనిషికి రోజుకి 25 గ్రాములు అటూఇటూగా వేసుకున్నా నాలుగు లీటర్లతో సరిపోవాలి. నెల మొదట్లోనే నాలుగు ప్యాకెట్లు విడిగా పెట్టి, పోపుకి సీసాలోంచి వంచకుండా చెంచాతో వెయ్యండి. కొనేటప్పుడు ప్యాకెట్ వెనక గ్రాములు చూడండి. లీటరు సన్‌ఫ్లవర్ నూనె 910 గ్రాములు ఉండాలి. చూడ్డానికి అంతే ఉండి లోపల తక్కువ ఉండే ప్యాకెట్లూ ఉన్నాయి.

చవకని చెప్పి వానాకాలంలో రవ్వ, పిండి, పప్పులు మూటలకొద్దీ తేకండి. మన డెల్టాలో గాలే తడి, పదిహేను రోజుల్లో పురుగు పడుతుంది. చింతపండు, ఎండుమిరప మటుకు వేసవిలో కొత్తవి వచ్చినప్పుడు ఏడాదికి సరిపడా తీసుకుని ఎండబెట్టుకోవడమే లాభం.

కూరల దగ్గరికొచ్చేసరికి మీకు నాకంటే పెద్ద గురువు ఇంట్లోనే ఉన్నారు. మీ అత్తగారు. పెరట్లో అరటిచెట్లు ఉన్నాయన్నారు. గెల కొట్టాక దూట, అదే కాండం లోపలి మెత్తటి భాగం, ఏం చేస్తున్నారు? గేదెకి వేసేస్తున్నారా? ఆవిడని అడగండి, దూట సన్నగా తరిగి, మజ్జిగ నీళ్ళలో వేసి, వేలితో పీచు తీసి, ఆవ పెట్టి ఎలా వండేవారో. అరటిపువ్వు, పనసపొట్టు, కంద బచ్చలి, మునగాకు పప్పు, టమాటా ధర మండిపోయే రోజుల్లో చింతపండు పోసి ముక్కల పులుసు, వంకాయలో గుప్పెడు ఎండు రొయ్యలు. ఆ తరం వాళ్ళు ఒక్క రూపాయి తియ్యకుండా వారం గడిపిన రోజులున్నాయి. "అత్తయ్యగారూ, ఈ నెల వంట మీరు చెప్పినట్టు చేస్తాను, ఏ రోజు ఏం వండాలో చెప్పండి" అనండి. మీరు ఖర్చు తగ్గించమంటే ఆవిడకి పిసినారితనంగా వినపడుతుంది. తన చేతి వంట అడిగితే అలా వినపడదు. మిగిలిన అన్నం సంగతి కూడా ఆవిడకే వదిలెయ్యండి. రాత్రి అన్నంలో పాలు పోసి తోడు పెట్టి, పొద్దున్నే ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో తినడం ఆవిడకి తెలియనిది కాదు. మీరు మానేసిన టిఫిన్‌కి అంతకన్నా మంచిది నేను చెప్పలేను.

పులస విషయం మటుకు ఆవిడతో మీరు కాదు, మీ వారు మాట్లాడాలి. కొడుకు చెప్తే కష్టం అంటారు, కోడలు చెప్తే పరువు తీసిందంటారు. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత మన జిల్లాలదే, కాదనను. సముద్రంలోంచి వరద నీటికి ఎదురీదుకుంటూ గోదాట్లోకి వచ్చే చేప అది, ఆ రుచికి ఖరీదు కట్టినవాళ్ళు కడతారు. కానీ అదే చేపని సముద్రంలో పట్టి, ఇలస అంటారు దాన్ని, తెచ్చి పులస అని చెప్పి అమ్మేవాళ్ళూ ఉన్నారు, అప్పు చేసి తెచ్చింది అసలుదో కాదో కూడా తెలియదు. ఆడపడుచుకి మన చెరువుల్లో దొరికే శీలావతితోనో బొచ్చెతోనో బెండకాయ వేసి పులుసు పెట్టి, కంది పచ్చడి, పెరుగు వడ్డిస్తే ఆవిడ లేచి వెళ్ళిపోతుందా? ఆవిడకి కూడా చెప్పండి తమ్ముడి చెరువు పోయిందని. మీరు చెప్పలేదని నాకనిపిస్తోంది. పుట్టింటి కష్టం దాచిపెట్టి పులస పెట్టారని తర్వాత తెలిస్తే బాధపడేది ఆవిడే.

ఇవన్నీ ఒకేసారి వద్దు. మొదటి నెల బయట తిండి, నూనె. రెండో నెల కూరలు. బియ్యం వచ్చే పంటకి. మొదటి రెండిట్లోనే రెండు వేల దాకా తగ్గొచ్చు. తగ్గినదాన్ని మీ వారి చేతే పుస్తకంలో రాయించండి, పాపని పక్కన కూర్చోబెట్టుకుని కూడించండి.

ఆయాసం మాత్రం నెలల తరబడి చూడాల్సిన విషయం కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. మీ వయసు, మీరు తింటున్న తీరు చూస్తే నాకు భయంగా ఉంది. ఈ వారంలోనే దగ్గరున్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి హిమోగ్లోబిన్ చూపించుకోండి. 12 కంటే తక్కువ ఉంటే డాక్టరు ఐరన్ మాత్రలు రాస్తారు, అక్కడే ఉచితంగా ఇస్తారు. మాత్ర వేసుకున్నాక గంటా రెండు గంటలు టీ, కాఫీ తాగకండి, ఒంటికి పట్టదు. ఒక్కరే వెళ్ళకండి, ఆయన్ని తీసుకెళ్ళండి. టిఫిన్ ఎందుకు మానేశారో డాక్టరు అడిగినప్పుడు ఆయన పక్కనే ఉండి వినాలి.