రాత్రిని నల్లగా పులమకు

అమ్మాయీ,

నీ వ్యాసం చదివాను. జపాన్ చెక్క అచ్చు చిత్రాల్లో రాత్రి జంతువులంటూ మొదలుపెట్టి గుడ్లగూబ, గబ్బిలం, నక్క, తనుకి (నక్క జాతికి చెందిన జపాన్ అడవి జంతువు) అన్నిటినీ మూడు పేజీల్లో ఊరేగించావు. ఒక్కటీ కంటి ముందు నిలవలేదు. 'రహస్యమయమైన రాత్రి' మాత్రం పదేపదే వచ్చింది.

ఒక్క చిత్రం పట్టుకో. నన్నడిగితే, జపాన్ చిత్రకారుడు హిరోషిగే చనిపోవడానికి ఏడాది ముందు, 1857లో వేసిన ఓజి నక్కలు. ఓజి అంటే ఎడో, అదే ఇప్పటి టోక్యో, శివారు. ఏడాది చివరి రాత్రి నక్కలన్నీ అక్కడొక పెద్ద చెట్టు కింద చేరి, దుస్తులు మార్చుకుని పంటల దైవం ఇనారి గుడికి వెళ్తాయని జనం నమ్మేవారు. ఆ నక్కల దగ్గర వెలిగే మంటలు చూసి రైతులు రాబోయే పంటను అంచనా వేసుకునేవారట.

ఈ కథ చెప్పావు సరే, బొమ్మ చూశావా? అందులో ఒక్క నక్క ఒంటి మీదా బట్ట లేదు. వేషం ఇంకా మారని క్షణాన్నే హిరోషిగే ఎంచుకున్నాడు. అన్నీ మామూలు నక్కలే, మూతి దగ్గరి చిన్న మంట తప్ప. వింతంతా అక్కడే పెట్టాడు. వెనక చీకట్లో ఇంకో గుంపు వస్తోంది. పైన చుక్కలున్నాయి, చంద్రుడు లేడు. అప్పటి జపాన్‌లోనూ నెలల లెక్క చంద్రుణ్ని బట్టే. ఏడాది ముగిసేది చీకటి రాత్రితోనే. ఉగాది ముందు అమావాస్య తెలిసిన పిల్లవి, నువ్వేమో వెన్నెల కురిపించావు!

పని తీరు కూడా తెలుసుకో. హిరోషిగే బొమ్మ గీస్తాడు. చెక్కేవాడు వేరు, అచ్చు వేసేవాడు వేరు, డబ్బు పెట్టే ప్రచురణకర్త వేరు. ఇలాంటి చిత్రాల్లో ఆకాశపు నలుపు మెల్లగా పలచబడుతుందే, అది చెక్కడంలో రాదు. అచ్చు వేసేవాడు ప్రతి కాగితానికీ పలక మీద రంగును చేత్తో పలచబరుస్తాడు. దీన్ని బొకాషి అంటారు. అందుకే ఒకే చిత్రం రెండు ప్రతుల్లో రాత్రి ఒకేలా ఉండదు. ఇక తెల్లటి చందమామ చాలాసార్లు రంగు అంటని కాగితమే. నీ విశేషణాల్లో సగం తీసేస్తే నీకూ కాస్త తెల్ల కాగితం మిగులుతుంది.

తనుకిల భాగం పారేయకు, అది వేరే వ్యాసం. 1840ల్లో కునియోషి అనే చిత్రకారుడు వాటి వృషణాల సంచిని చేపల వలగా, వానకు గొడుగుగా వాడిస్తూ నవ్వులాట బొమ్మలు వేశాడు. నువ్వేమో సిగ్గుపడి 'హాస్య చిత్రాలు' అని దాటేశావు. ధైర్యం చేసి రాయగలిగితే ముందు అదే పంపు.