అమ్మలూ, చాట్‌బాట్‌ని అడిగే ముందు పెన్ను తియ్యి

అమ్మలూ,

మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు, రొటేషనల్ మోషన్ చాప్టర్ మొత్తం చాట్‌జీపీటీతోనే చదివావంట, చదివేటప్పుడు అంతా అర్థమైందంట, తీరా వీక్లీ టెస్ట్‌లో పేపర్ చూడగానే చెయ్యి ఆడలేదంట. దాన్ని మానిపించేయమంటావా అన్నయ్యా అని నన్నడిగాడు. వద్దురా అన్నాను. కానీ నువ్వు వాడే పద్ధతి మాత్రం మారాలి, అది చెప్దామనే కూర్చుని టైప్ చేస్తున్నా, కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ఎందుకు మానొద్దన్నానంటే, జూనియర్ కాలేజీలో ఏళ్ల తరబడి ఫిజిక్స్ చెప్పినోణ్ణి కాబట్టి నాకు తెలుసు, సెక్షన్ నిండా పిల్లలుంటారు, డౌట్లున్నాయా అంటే ఒక్క చెయ్యీ లేవదు, లేచినా ముందు బెంచీ వాళ్లదే. నువ్వేమో పదో తరగతిదాకా జడ్పీ స్కూల్లో తెలుగు మీడియం, ఇంటర్‌కొచ్చేసరికి ఒక్కసారిగా అంతా ఇంగ్లీషు. టార్క్ అంటే ఏంటి సర్ అని లేచి అడగాలంటే మొహమాటం. చాట్‌బాట్‌నైతే అదే డౌట్ పదిసార్లు అడుగు, విసుక్కోదు. "తెలుగులో ఎక్స్‌ప్లెయిన్ చెయ్యి, టర్మ్స్ మాత్రం ఇంగ్లీషువే వాడు" అని చెప్పు, లేకపోతే ఒక్కోసారి మనకే అర్థం కాని గ్రాంథికంలోకి వెళ్లిపోతుంది. అర్థమయ్యాక అదే విషయం ఇంగ్లీషులో నాలుగు లైన్లు నువ్వు రాసి దానికి చూపించి దిద్దమను, పరీక్ష రాయాల్సింది ఇంగ్లీషులోనే కదా.

ఇక అసలు సంగతి. లెక్క ఫోటో తీసి పెడతావు, అది క్షణాల్లో స్టెప్పులన్నీ ఇచ్చేస్తుంది, నువ్వు చదువుతావు, ప్రతి లైనూ కరెక్టే అనిపిస్తుంది, ఓస్ ఇంతేనా అనుకుని తర్వాత లెక్కకి వెళ్లిపోతావు. బైక్ వెనకాల కూర్చుని ఊరంతా తిరిగొచ్చినట్టే అది, దార్లన్నీ చూశావు కానీ గేరెయ్యడం రాలేదు. ముసలాయన చాదస్తం అనుకుంటావేమో, 2024లో ఒక స్టడీ బయటికొచ్చింది, తుర్కియేలో దాదాపు వెయ్యి మంది హైస్కూల్ పిల్లలతో చేశారు. మ్యాథ్స్ ప్రాక్టీస్ చేసేటప్పుడు కొందరికి మామూలు జీపీటీ-4 చాట్ ఇచ్చారు, కొందరికి ఆన్సర్ చెప్పకుండా హింట్లు మాత్రమే ఇచ్చేలా మార్చిన బాట్ ఇచ్చారు, మిగతావాళ్లకి ఏమీ లేదు. ప్రాక్టీస్‌లో మామూలు చాట్ వాళ్లు ఏమీ లేనివాళ్లకంటే 48 శాతం, హింట్ల వాళ్లైతే 127 శాతం మెరుగ్గా చేశారు. తర్వాత అన్నీ తీసేసి పరీక్ష పెడితే మామూలు చాట్ వాళ్లు అసలేమీ వాడని పిల్లలకంటే 17 శాతం వెనకపడ్డారు. హింట్ల వాళ్లకి ఆ దెబ్బ దాదాపుగా తగల్లేదు, అలాగని పరీక్షలో పెద్దగా లాభమూ కనపడలేదు. చూశావా, నీకు టెస్ట్‌లో జరిగింది అచ్చం ఇదే.

కాబట్టి ముందు పెన్ను, తర్వాతే ఫోన్. లెక్క చదివి బొమ్మ గీసి ఫోర్సులన్నీ మార్క్ చేసి పది నిమిషాలు కుస్తీ పట్టు. ఇరుక్కుపోయాక ఆ రఫ్ పేపర్ ఫోటో పెట్టి "ఇక్కడిదాకా వచ్చాను, ఆన్సర్ చెప్పొద్దు, ఎక్కడ తప్పానో ఒక్క హింట్ ఇవ్వు, నేను మళ్లీ ట్రై చేసి చెప్తా" అని అడుగు. చాట్‌జీపీటీలో స్టడీ మోడ్ అనీ గూగుల్ వాళ్ల జెమినైలో గైడెడ్ లెర్నింగ్ అనీ 2025లో పెట్టారు, అవి ఆన్ చేస్తే చాలావరకు ఇలాగే ప్రశ్నలడుగుతూ నడిపిస్తాయి. కాకపోతే నువ్వు రెండుసార్లు "ప్లీజ్ ఆన్సర్ చెప్పు" అంటే అవీ మెత్తబడి చెప్పేస్తాయి, అందుకని మోడ్ మీదకన్నా నీ మీద నువ్వు కంట్రోల్ పెట్టుకోవాలి.

ఇంకో సంగతి, అది తప్పు చెప్పినా ఒప్పు చెప్పినా గొంతు ఒకటే, ఎక్కడా తడబడదు. బంతి వాలు మీద జారకుండా పైకి దొర్లుతుంటే ఫ్రిక్షన్ ఎటువైపు అని అడుగు. ఫ్రిక్షన్ ఎప్పుడూ మోషన్‌కి ఆపోజిట్ కాబట్టి కిందకి అని అది చెప్పొచ్చు, మా పిల్లలూ ప్రతి ఏడాదీ అదే రాసేవాళ్లు. లేదా కరెక్టుగా పైకి అనే చెప్పొచ్చు. చెప్పాక నువ్వు "ఆర్ యూ ష్యూర్?" అన్నావనుకో, కరెక్ట్ ఆన్సర్ కూడా మార్చేసి సారీ చెప్పే బాపతు అది, కాబట్టి ఆ ప్రశ్న చెకింగ్‌కి పనికిరాదు. చెకింగ్ అంటే నువ్వే ఆలోచించాలి. బంతి పైకి పోయేకొద్దీ స్పీడ్ తగ్గుతుంది, జారకుండా దొర్లాలంటే స్పిన్ కూడా తగ్గాలి, తగ్గించాలంటే టార్క్, అంటే తిప్పే ప్రభావం, కావాలి, గ్రావిటీ, వాలు బంతిని నెట్టే నార్మల్ ఫోర్స్ రెండూ సెంటర్ గుండానే పోతాయి కాబట్టి సెంటర్ దగ్గర వాటి టార్క్ సున్నా, మిగిలింది ఫ్రిక్షన్ ఒక్కటే. ఏ దిక్కులో ఉంటే స్పిన్ తగ్గుతుందో బొమ్మ గీసి చూడు, వాలు మీద పైకే వస్తుంది. ఈ నాలుగు మెట్లు నీ అంతట నువ్వు ఎక్కగలిగితే అది ఏం చెప్పినా నీకు భయం లేదు.

థర్మోడైనమిక్స్‌లో మరీ జాగ్రత్త. ఫస్ట్ లాకి మీ ఫిజిక్స్ బుక్‌లో గ్యాస్ చేసిన పని ప్లస్, కెమిస్ట్రీ బుక్‌లో గ్యాస్ మీద చేసిన పని ప్లస్. ఏ సబ్జెక్ట్ లెక్కో చెప్పకుండా అడిగితే అది ఏదో ఒక కన్వెన్షన్ పట్టుకుని పోతుంది, నువ్వు సైన్ తప్పు వేసి కూర్చుంటావు, జేఈఈ మెయిన్‌లో అయితే ఉన్నదాంట్లో ఇంకో మార్కు కూడా పోతుంది. టెక్స్ట్‌బుక్‌లో ఆ పేజీ ఫోటో పెట్టి దీని ప్రకారమే చెయ్యమను. సర్క్యూట్ బొమ్మలు, ఆర్గానిక్ స్ట్రక్చర్లు ఫోటో పెడితే తప్పు చదివే ఛాన్స్ ఉంది, ముందు బొమ్మలో ఏముందో మాటల్లో చెప్పమని, అది సరిగ్గా ఉంటేనే ముందుకెళ్లు. పాత ఎంసెట్ బిట్లు దాన్ని అడగొద్దు, లేని బిట్లు పుట్టించి ఏదో సంవత్సరం తగిలించేస్తుంది, ఒరిజినల్ పేపర్లు దొరుకుతాయి, అవే చెయ్యి. హాల్‌టికెట్లూ ఆధార్ ఫోటోలూ దాంట్లో పెట్టకు.

నాకు దీంట్లో అన్నిటికంటే నచ్చింది మాత్రం ఇంకోటుంది. నువ్వు టీచర్‌వి అయిపో. పుస్తకం మూసేసి మొమెంట్ ఆఫ్ ఇనర్షియా అంటే ఏంటో, మాస్ యాక్సిస్‌కి దూరంగా ఉంటే ఎందుకు పెరుగుతుందో వాయిస్ టైపింగ్‌లో తెలుగులోనే వాగేసెయ్, "నేను చెప్పినదాంట్లో ఏది తప్పు, ఏది వదిలేశాను, నన్ను ఇరికించే ఒక ప్రశ్న అడుగు" అను. మర్నాడు పొద్దున మళ్లీ అదే చాప్టర్‌లో ఒక్కో ప్రశ్నే అడగమను, నువ్వు రాసేదాకా జవాబు చూపించొద్దను. మా స్టాఫ్‌రూమ్‌లో ఫోన్ అంటేనే మండిపడే సార్లు కూడా దీనికి వంక పెట్టలేకపోయారు.

నీకు నేనే ఒక లెక్క ఇస్తున్నా. ఒక సాలిడ్ గోళం, ఒక డిస్కు, ఒక రింగు, మూడూ ఒకే వాలు మీద ఒకే ఎత్తునుంచి ఒకేసారి వదిలాం, జారకుండా దొర్లుతున్నాయి. ఏది ముందు కిందకి చేరుతుంది, ఏది ఆఖరు? రింగు బరువు గోళానికి పదింతలు చేస్తే ఆన్సర్ మారుతుందా? ఫోన్ మీ అమ్మకిచ్చేసి చెయ్యి. ఆదివారం మధ్యాహ్నం నేను ఖాళీయే, కొట్టివేతలతో సహా రఫ్ పేపర్ మొత్తం ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు, ఫెయిర్ చేసి పంపావో చూడను.

మీ పెదనాన్న