దేవుడు చెప్పాడా, నాకే తోచిందా?

ప్రశ్న: అయ్యగారూ, వందనాలు. పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక చిన్న సంఘానికి కాపరిని. మందిరం చాలక ఆదివారం సగం మంది బయట షామియానా కింద కూర్చుంటున్నారు. జనవరి ఒకటిన డబ్బాలోంచి వాగ్దాన కార్డు (ఆ ఏడాదికని బైబిలు వాక్యం రాసి ఉండే చీటీ) తీస్తే ‘నీ గుడారపు స్థలమును విశాలపరచుము’ (యెషయా 54:2) వచ్చింది. తర్వాత ఉపవాస ప్రార్థనకు వచ్చిన ఒక దైవజనుడు నా తల మీద చేతులుంచి, ఈ ఏడాదే కొత్త మందిరం లేస్తుందని ప్రవచించారు. అప్పు దొరుకుతుంది గానీ విశ్వాసుల్లో ముగ్గురు పొలం కాగితాలు తాకట్టు పెట్టాలి. పెద్దల్లో ఇద్దరు వద్దంటున్నారు. వాళ్లది అవిశ్వాసమా? దేవుని చిత్తం ఎలా తెలుసుకోవాలి?

జవాబు: పాస్టరు గారూ, వందనాలు. ఆ ఇద్దరి మీద అవిశ్వాసం ముద్ర అప్పుడే వేయకండి.

మీకు బాగా తెలిసిన సంగతే, 2 సమూయేలు 7వ అధ్యాయం ఇంకోసారి తీసి చదవండి. దావీదు రాజుకూ మందిరం కట్టాలనే ఉంది, కోరిక మంచిదే, నాతాను నిజమైన ప్రవక్తే, రాజు అడగగానే యెహోవా నీకు తోడుగా ఉన్నాడు, నీ మనసులో ఉన్నదంతా చెయ్యి అనేశాడు. ఆ రాత్రే దేవుడు కాదన్నాడు, కట్టేది నీ కుమారుడు అన్నాడు. నాతాను మళ్లీ రాజు దగ్గరికి వెళ్లి తన మాటకు అడ్డంగా ఉన్న ఆ మాటంతా చెప్పాడు చూడండి, అది నాకు చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది. అంటే అంతటి ప్రవక్త మొదట చెప్పిందే దేవుని మాట కానప్పుడు, ఒక రోజు కూటానికి వచ్చి వెళ్లిపోయిన అతిథి ప్రవచనాన్ని పరీక్షించకుండా ఎలా వదిలేస్తాం? అందులోనూ అది మనం ముందునుంచీ కోరుకుంటున్న మాటే అయితే మరీ జాగ్రత్తగా ఉండాలి. ప్రవచనాన్ని నిర్లక్ష్యం చేయొద్దన్న పౌలే వెంటనే ‘సమస్తమును పరీక్షించి’ అన్నాడు (1 థెస్సలొనీకయులకు 5:20, 21). ప్రవక్తలు మాట్లాడుతుంటే తక్కినవాళ్లు వివేచించాలని కొరింథీయులకూ రాశాడు, మీ సంఘంలో ఆ తక్కినవాళ్లు మీ పెద్దలే.

కార్డు సంగతి. డబ్బాలో ఇంకెన్ని వాక్యాలున్నాయి, ఇదే చేతికి వచ్చింది, ఆదరణగా తీసుకోండి, తప్పులేదు. కానీ ఆ మాట బబులోను చెరతో పాడైన యెరూషలేముకు, గొడ్రాలికి పిల్లలు కలుగుతారన్నట్టు చెప్పింది. దాన్ని చూపించి ఇంకొకరి పొలం తాకట్టు పెట్టించలేం. (ఈ కార్డుల మీద నాకున్న కోపం ఇంకోసారి రాస్తాను.)

అపొస్తలుల కార్యములు 15లో అన్యజనులకు, అంటే యూదులు కాని విశ్వాసులకు, సున్నతి కావాలా వద్దా అన్న గొడవ వచ్చినప్పుడు పేతురు, యాకోబు, పౌలు లాంటివాళ్లంతా అక్కడే ఉన్నారు, అయినా ప్రభువు నాతో చెప్పాడు అంటూ ఒక్కరే తేల్చేయలేదు. ‘బహు తర్కము’ జరిగిందని లూకా దాచకుండా రాశాడు, అన్నీ విన్నాకే ‘పరిశుద్ధాత్మకును మాకును తోచెను’ అని ఉత్తరం వెళ్లింది. మన దగ్గర పాస్టరు గారు ‘ప్రభువు చెప్పారు’ అన్నాక ఇక నోరెత్తేదెవరు? ఎత్తితే దేవుడికే ఎదురు తిరిగినట్టవుతుంది. అందుకని ఈ విషయంలో ఆ మాట పుల్పిట్ మీద వాడకండి, ‘నాకు ఇలా అనిపిస్తోంది, మీరేమంటారు’ అని అడగండి.

వద్దన్న ఇద్దరినీ ఇంటికి పిలిచి టీ ఇచ్చి, మధ్యలో వాక్యం ఎత్తకుండా వాళ్లు చెప్పేది పూర్తిగా వినండి. నెలకు కానుకలెంత, వాయిదా ఎంత, పంట పోయిన ఏడు ఎవరు కడతారు, అన్నీ కాగితం మీద పెట్టండి. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ‘తగులుబడి లెక్క’ చూసుకోడా అని అడిగింది యేసు ప్రభువే (లూకా 14:28), ప్రార్థన చేశాం కదా అని ఆ లెక్క మానేయకూడదు. పొలం ఇస్తామన్న ముగ్గురితో కూడా విడివిడిగా, వాళ్ల భార్యల ఎదుట మాట్లాడండి, మీ మీద గౌరవంతో కాదనలేక ఇస్తున్నారేమో తెలుస్తుంది. ఒక్కరు వెనకాడినా ఆ కాగితాలు ముట్టుకోవద్దు, ఉన్న డబ్బుతో ముందు రేకుల షెడ్డు వేసుకోవచ్చు. అప్పటిదాకా ఆదివారం ఏడింటికి ఒకటి, పదింటికి ఒకటి, రెండు ఆరాధనలు పెట్టి చూడండి.