తెల్లవారుజామున నాలుగింటికి మీ ఇంట్లో చదువు సాగదు

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. నాకు 29 ఏళ్లు. డీఈడీ, టెట్ అయ్యాయి. కిందటి డీఎస్సీలో కొద్ది మార్కుల్లో పోయింది. మావారు రొయ్యల చెరువులు చేస్తారు. బాబు నాలుగో తరగతి. నాలుగింటికి లేచి చదవాలని ఎన్నిసార్లు టైమ్‌టేబుల్ రాసుకున్నా మూడు నాలుగు రోజులకే ఆగిపోతోంది. "ఇంకా ఈ చదువేంటి" అంటారు అత్తగారు. నాదే బద్ధకమేమోనని ఏడుపొస్తోంది. బాబును అమ్మ దగ్గర వదిలి అవనిగడ్డ కోచింగ్‌కు వెళ్లిపోనా? - ఓ సోదరి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నాకు బద్ధకం ఎక్కడా కనపడలేదు, నిద్ర చాలని మనిషి కనపడింది. మీరు గోడకు అంటించుకున్నది హాస్టల్లో ఉండే అమ్మాయి టైమ్‌టేబుల్. ఆ అమ్మాయికి వంట ఇంకొకరు చేస్తారు.

చెరువులున్న ఇంట్లో అసలు టెన్షన్ తెల్లవారుజామునే. నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది అప్పుడే. కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే మీ ఆయన పరుగెత్తాలి. ఫోను, లైటు, బండి చప్పుడు, ఆ వెనకాలే టీ. ఆ వేళ తెరిచిన పుస్తకం మూడో రోజుకు మూతపడటంలో వింతేముంది?

మీ ఇంట్లో బడి ఉన్న ప్రతిరోజూ తప్పకుండా జరిగేది ఒకటుంది: బాబు స్కూలు బస్సెక్కడం. ఎక్కించి ఇంట్లోకి రాగానే నేరుగా పుస్తకం ముందు కూర్చోండి. అంట్లు ఆగుతాయి. ఫోను వేరే గదిలో పెట్టేయండి. మొదటి రెండు వారాలూ ముప్పావుగంట మాత్రమే. ఊపొచ్చి ఇంకా చదవాలనిపించినా లేచిపోండి. ఒకరోజు మూడు గంటలు చదివినవాళ్లే మర్నాడు మానేస్తుంటారు. చదవాల్సిన పేజీ రాత్రే తీసి పెట్టుకోండి. ఏం చదవాలో వెతుక్కోవడంలోనే సగం పొద్దు పోతుంది.

21 రోజుల్లో అలవాటు పడుతుందని అందరూ అంటారు. లండన్‌లో 96 మందిని పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో సగటున 66 రోజులు పట్టినట్టు తేలింది. కొందరికి 18 చాలాయి, కొందరికి 254 దాకా పట్టొచ్చని లెక్కగట్టారు. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టం లేదని కూడా చూశారు. మీరేమో నాలుగో రోజుకే మీమీద తీర్పు ఇచ్చేసుకుంటున్నారు.

తప్పే రోజులు ఎలాగూ ఉంటాయి. చెరువు పట్టుబడి రోజున ఐసు లారీ, పనివాళ్లకు టిఫిన్లు, అర్ధరాత్రి దాకా కాటా లెక్కలు. సంక్రాంతికి ఆడపడుచులు పిల్లలతో దిగాక ఇక చెప్పక్కర్లేదు. అలాంటి రోజుకు పది బిట్లు చాలని ముందే అనుకోండి, పొయ్యి దగ్గర నిలబడి చేసినా సరే. అవీ కుదరకపోతే మర్నాడు బస్సు వెళ్లాక మామూలుగా కూర్చోండి. పోయిన గంటలు కలిపి తీర్చేద్దామని చూడొద్దు.

సాయంత్రం బాబు హోంవర్కు చేసుకుంటుంటే పక్కనే మీ పుస్తకమూ తెరవండి. మీరు రాసే ఎస్జీటీ (చిన్న తరగతుల టీచరు పోస్టు) సిలబస్‌లో చాలా భాగం బడి పుస్తకాల్లోదే కదా. వాడికి ఓ పాఠం చెప్పి చూడండి. ఎక్కడ తడబడ్డారో మీకే తెలుస్తుంది.

అత్తగారితో "నన్ను చదువుకోనివ్వండి" అని వాదనకు దిగకండి. "అత్తయ్యా, బాబు వెళ్లాక ఓ ముప్పావుగంట ఎవరొచ్చినా మీరు చూసుకోండి" అని చిన్న పని అప్పగించండి. అదే మాట మీ ఆయన నోట ఆవిడ ఎదుటే అనిపిస్తే ఇంకా మేలు. భార్య ఏం చదువుతోందో తెలియని భర్తలు చాలామందే ఉన్నారు, తెలిసీ నోరు విప్పనివాళ్లు అంతకంటే ఎక్కువ.

ఏడుపు రెండు వారాలకు మించి దాదాపు రోజూ వస్తుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి మాట్లాడండి. డాక్టర్నడిగి రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించుకోండి.

అవనిగడ్డ ఇప్పుడే వద్దు. నెలల తరబడి బాబుకు దూరంగా ఉంటే పుస్తకం మీద మనసు నిలవదు, ఖర్చు వేరే. నోటిఫికేషన్ పడ్డాక రివిజన్‌కు, మాక్ టెస్టులకు కొన్నాళ్లు వెళ్లొచ్చు. అప్పుడు సెలవులైతే బాబును అమ్మగారింట్లో ఉంచండి. బడి జరుగుతుంటే మాత్రం వాణ్ణి కదపకండి. నానమ్మ చూసుకోగలరేమో ముందుగానే అడిగి పెట్టుకోండి.